తర్వాత ఎవరు?

మా బూర్గంపాడులో బడి హెడ్మాస్టరుగారికి బదిలీ అయిందంటే చాలు, ఆయన సామాను లారీ ఎక్కకముందే కొత్తాయన గురించి కబుర్లు మొదలవుతాయి. కొత్తగూడెం నుంచి వస్తున్నాడని ఒకరు, కాదు భద్రాచలం నుంచని ఇంకొకరు, ఆయనకి ముక్కుమీద కోపమట అని మూడో ఆవిడ. ఆర్డరు వచ్చేలోపల ఊరే ఒక అరడజను మందిని నియమించేస్తుంది. ఇది మన పల్లెటూళ్ళ జబ్బే అనుకునేదాన్ని. 2024 జనవరిలో మా మేనల్లుడు అమెరికా నుంచి ఫోను చేసి ఆ భ్రమ కాస్తా పోగొట్టాడు.

వాడప్పుడు అలబామా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాడు. "అత్తయ్యా, ఇక్కడ ఊరంతా తలకిందులైపోయింది. మా ఫుట్‌బాల్ కోచ్ రిటైరయ్యాడు" అన్నాడు. వాళ్ళ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు లెండి. కోడిగుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట. ఆ కోచ్ పేరు నిక్ సేబన్. అక్కడే పదిహేడు సీజన్లు పనిచేసి ఆరుసార్లు దేశమంతటికీ విజేతగా నిలబెట్టాడు. ఆ దేశంలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్ళందరిలోకీ పెద్ద జీతం గవర్నరుది కాదట, విశ్వవిద్యాలయం కోచ్‌దట! ఇక జనం ఊరుకుంటారా? ఎవరి విమానం ఏ ఊరినుంచి లేచిందో కూడా చూసి, ఫలానా వాడు వస్తున్నాడని పందేలు కాశారట. జనవరి 10న సేబన్ దిగిపోతే 12న కేలెన్ డిబోయర్ అనే ఆయన్ని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి తెచ్చుకున్నారు. దాంతో వాషింగ్టన్ వాళ్ళు అరిజోనా కోచ్‌ని, అరిజోనా వాళ్ళు శాన్ హోసే కోచ్‌ని పట్టుకుపోయారు. ఒక హెడ్మాస్టరు కదిలితే నాలుగు బళ్ళు కదిలినట్టన్నమాట.

నవ్వుకున్నాను గానీ, ఫోను పెట్టేశాక నాకు ఇంకో బడిపంతులు గుర్తుకొచ్చాడు. నిజంగానే బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ ఏప్రిల్‌లోనే ఆయనమీద 'మైదాన్' అని హిందీ సినిమా కూడా వచ్చింది. మీలో కొందరు చూసే ఉంటారు.

రహీం సాహెబు 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదువుతూ కాలేజీ జట్టులో ఆడారు. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటిచోట్ల బళ్ళలో పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో సిటీ పోలీసు జట్టు ఆయన చేతికొచ్చింది. అక్కణ్ణించి వరుసగా ఐదేళ్ళు, 1954 దాకా, బొంబాయిలో ఆడే రోవర్స్ కప్పు మన పోలీసులదే. మామూలుగా పోలీసులంటే మనం తలుపు వేసుకుంటాం గానీ, ఈ పోలీసుల్ని చూడ్డానికి మాత్రం జనం టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళారు.

ఆయన పద్ధతులు పంతులు పద్ధతులే. పిల్లలకి పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ళమధ్య ఆడించుకుంటూ పోకూడదు, వచ్చినదాన్ని వచ్చినట్టే పక్కవాడికి అందించాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే కొట్టాలి. ఎడమచేత్తో రాయమన్నట్టు! సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో బలరాం అనే బీద కుర్రాడు కనిపిస్తే, రోజూ హైదరాబాదు రావడానికి అద్దె సైకిలుకి డబ్బులు తన జేబులోంచి ఇచ్చారు. ఆ తులసీదాస్ బలరామే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీమీద గోలు కొట్టాడు.

అదే రోమ్ జట్టులో రహీం సాహెబు కొడుకు హకీం కూడా ఉన్నాడు. కోచ్ తండ్రి అయితే ఇంకేం అనుకుంటాం కదూ? ఒక్క ఆటలో కూడా దింపలేదు! 1962 జకార్తా జట్టులోనైతే చోటే దొరకలేదు. ఆ ఇంట్లో ఆ రాత్రుళ్ళు ఆ తల్లి వడ్డించేటప్పుడు ఎవరివైపు చూసి ఉంటుందా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

జకార్తా నాటికి ఆయనకి ఊపిరితిత్తుల్లో కాన్సరు. ఫైనలు ముందు ఆటగాళ్ళని కూచోబెట్టి బంగారు పతకం కానుకగా అడిగారని చెప్తారు. సెప్టెంబరు 4న లక్షమంది జనం మనవాళ్ళకి ఎదురుతిరిగి అరుస్తూంటే, మొదటి ఆటలో మనల్ని ఓడించిన దక్షిణ కొరియానే 2-1తో ఓడించారు. ఒక గోలు పి.కె. బెనర్జీది, ఇంకొకటి తలకి కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్‌ది. ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న, రహీం సాహెబు వెళ్ళిపోయారు. యాభైమూడేళ్ళు.

తర్వాత ఎవరు? మన జట్టుకి హారీ రైట్ అనే ఇంగ్లీషాయన వచ్చాడు. కుర్చీ ఖాళీగా ఏమీ లేదు. 1964లో ఇజ్రాయెల్‌లో ఆసియా కప్పులో రెండోస్థానం వచ్చింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970లో బాంకాక్‌లో కంచు పతకం. ఆవకాయ పెట్టిన పెద్దావిడ పోయాక కూడా జాడీలోది కొన్నాళ్ళు వస్తుంది చూడండీ, అలాగ. తింటున్నన్నాళ్ళూ ఆవిడ లేదన్న సంగతి నాలుకకి తెలీదు. కారమెంత, ఆవపిండెంత అని ఎవరూ అడిగి రాసుకోరు. 1960 తర్వాత మన ఫుట్‌బాల్ ఒలింపిక్స్ ముఖం చూడలేదు. 1970 తర్వాత మగవాళ్ళ జట్టుకి ఆసియా క్రీడల్లో పతకం లేదు. అమెరికావాళ్ళకి ఒక కోచ్ పోతే వెనక నాలుగు విశ్వవిద్యాలయాలు వరసకట్టి ఉన్నాయి. మనకి సంఘం కార్యదర్శీ, జట్టు కోచూ, సైకిలు అద్దె ఇచ్చేవాడూ అన్నీ ఆ ఒక్క పంతులుగారే.

కొడుకు హకీం మాత్రం ఆట వదల్లేదు. వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరయ్యాడు, అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలప్పుడు పి.కె. బెనర్జీకి తోడుగా మన జట్టుకి శిక్షణ కూడా ఇచ్చాడు. అంటే తండ్రి శిష్యుడి పక్కన నిలబడ్డాడన్నమాట. 2021లో పోయాడు.

ఆ అక్టోబరులో మేనల్లుడు మళ్ళీ ఫోను చేశాడు. వాండర్‌బిల్ట్ అనే జట్టు చేతిలో అలబామా ఓడిపోయిందట.

"అప్పుడే అడుగుతున్నారత్తయ్యా, ఈయన్ని తీసేస్తే తర్వాత ఎవరని!"

"ఎంత తేడాతో ఓడారురా?"

"ఐదు పాయింట్లు."

నాకు నవ్వొచ్చింది. "మన రహీంగారి జట్టు 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో ఎంతతో ఓడిందో తెలుసా? పదికి ఒకటి. చాలామంది బూట్లు లేకుండా ఆడారు."

"మర్నాడే తీసేసుంటారు."

"లేదురా. 1956లో మెల్‌బోర్న్‌కి మళ్ళీ ఆయన్నే పంపారు. ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించి ఒలింపిక్స్‌లో నాలుగోస్థానం తెచ్చాడు."

అవతల కాసేపు చప్పుడు లేదు. "బూట్లు కొనిచ్చారా మరి?" అన్నాడు.

ఆ ఓటమి తర్వాత బూట్లు వేసుకు తీరాలని రూలు పెట్టారని చెప్పాను.