అమ్ముగూడ మీదుగా అర్జెంటీనా

మేడ్చల్‌లో ఎమ్‌ఎమ్‌టీఎస్ ఎక్కి సికింద్రాబాద్ వైపు వస్తుంటే గౌడవల్లి, గుండ్లపోచంపల్లి, బొల్లారం, అల్వాల్, కావల్రీ బ్యారక్స్ దాటాక అమ్ముగూడ వస్తుంది. చిన్న స్టేషను. రైలు ఇలా ఆగి అలా కదిలిపోతుంది. ఒక ఆదివారం పొద్దున నా ఎదుటి సీట్లో ముగ్గురు పిల్లలు కూర్చున్నారు. పదిహేను, పదహారేళ్లుంటాయి. ముగ్గురి ఒంటి మీదా తెలుపు, లేత నీలం చారల జెర్సీలే. ముగ్గురి వీపు మీదా పదో నంబరే. అందరూ మెస్సీలే అయితే పాస్ ఎవరు ఇస్తారో అనుకుని నవ్వొచ్చింది.

"ఏ టీం తమ్ముడూ?" అని అడిగాను, తెలిసే.

"అర్జెంటీనా అన్నా."

"మరి మన టీం?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కిటికీ పక్కనున్నవాడు, "మన టీం ఏడుందన్నా?" అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

అప్పుడే రైలు అమ్ముగూడలో ఆగింది. వాడి ప్రశ్నకి జవాబు కిటికీ అవతలే ఉంది. నేను చెప్పలేకపోయాను. ఆ రోజు చెప్పలేకపోయినదే ఈ వ్యాసం.

*

1936లో ఈ అమ్ముగూడలోనే తులసీదాస్ బలరాం పుట్టారు. చుట్టూ కంటోన్మెంటు. తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్ అంతా తెల్లవాళ్ల పటాలాలు దిగిన నేల. బంతాట వాళ్లతో వచ్చింది, వాళ్లు పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. బలరాం ఇరవై ఏళ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లారు. ఆ జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్ దాకా పోయింది. యుగోస్లావియా చేతిలో, తర్వాత కంచు పతకం కోసం ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకు మించి ఎప్పుడూ వెళ్లలేదు.

ఆ జట్టు కోచ్ కూడా మన ఊరివాడే. సయ్యద్ అబ్దుల్ రహీమ్, 1909లో హైదరాబాదులో పుట్టిన బడిపంతులు. అందరికీ రహీమ్ సాబ్. ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎత్తుకొచ్చింది. 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు గెలిచిన జట్లకి ఆయనే కోచ్. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించేనాటికే ఆయనకి కాన్సర్. మరుసటేడు జూన్‌లో పోయారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన గురించే.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఈ పతకాల సంగతి కాదు, హంగరీ సంగతి.

1953 నవంబరు 25న లండన్ వెంబ్లీలో హంగరీ జట్టు ఇంగ్లండ్‌ని 6-3తో చిత్తు చేసింది. ఐరోపా ఖండపు జట్టొకటి ఇంగ్లండ్‌ని వాళ్ల గడ్డ మీద ఓడించడం అదే మొదటిసారి. ఆ జట్టు సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్‌కుటి, ముందు నిలబడి బంతి కోసం ఎదురుచూసే బాపతు కాదు. వెనక్కి దిగేవాడు. అతన్ని కాపలా కాయాల్సిన డిఫెండరుకి వెంట వెళ్లాలో, ఉన్నచోటే ఉండాలో తేలేది కాదు. వెళితే వెనక ఖాళీ, ఉంటే ముందు ఖాళీ. రహీమ్ సాబ్ ఈ పద్ధతిని చదివి, అర్థం చేసుకుని, మన కుర్రాళ్ల కాళ్లకి తగ్గట్టు మలిచారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. అంతకు ఒక్క ఏడాది ముందు, 1952 హెల్సింకీలో, మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడిన రోజులవి. ఆ దెబ్బ తిన్నవాళ్లు నాలుగేళ్లకి ఒలింపిక్ సెమీఫైనల్లో ఉన్నారు.

ఇప్పుడు కాలెండర్ ఇంకాస్త తిప్పండి. 1960, రోమ్ ఒలింపిక్స్. భారత్ తొలి ఆట హంగరీతోనే. 2-1తో ఓడిపోయాం. మన ఒక్క గోలూ కొట్టింది బలరాం. ఎవరి ఆట చూసి గురువు పాఠం నేర్చుకున్నాడో, ఆ దేశం గోల్‌లోకే అమ్ముగూడ కుర్రాడు బంతి కొట్టాడు.

పరాయి దేశపు జట్టుని ప్రేమించడం మనకి కొత్త కాదని చెప్పడానికే ఇదంతా. అయితే అప్పుడు హంగరీ మనకి ఒక పాఠంలా వచ్చింది. దాన్ని మనకి ఎవరూ అమ్మలేదు.

*

అమ్మకం ఎప్పుడు మొదలైంది? టీవీతో అని టక్కున అనేస్తాం. నిజం అంత సూటిగా లేదు.

1986లో మెక్సికోలో వరల్డ్ కప్. అక్కడ మధ్యాహ్నం మొదలైన ఆట మనకి రాత్రి పదకొండున్నరకి. సాయంత్రం ఆటైతే తెల్లవారుజామున మూడున్నరకి. వీధికొక్క టీవీ, ఉన్నది ఒక్క దూరదర్శనే. జూన్ 22 రాత్రి అర్జెంటీనా, ఇంగ్లండ్ ఆడాయి. మారడోనా ఒక గోల్ చేత్తో వేశాడు, నాలుగు నిమిషాల తర్వాత సగం ఇంగ్లండ్ జట్టుని దాటుకుంటూ పోయి ఇంకోటి వేశాడు. మొదటిది మోసం, రెండోది అద్భుతం. కానీ రెండూ ఇంగ్లండ్ మీద. మన నాన్నల తరానికి ఆ తేడా ఎంత చెప్పినా ఎక్కేది కాదు. కేరళలో, బెంగాల్లో, పక్కనే బంగ్లాదేశ్‌లో లక్షలమంది ఒక్క వేసవిలో అర్జెంటీనా వాళ్లయిపోయారు. అంతకు ముందే పెలే పేరుతో బ్రెజిల్ వాళ్లయినవాళ్లు అటు నిలబడ్డారు. బ్యూనస్ ఐరెస్‌లో ఏ ఆఫీసూ దీనికి పైసా ఖర్చుపెట్టలేదు. అభిమానం ముందు పుట్టింది. దాన్ని లెక్కగట్టేవాళ్లు తర్వాత వచ్చారు.

వాళ్లు వచ్చిన దారిలో ఒక మైలురాయి 1996. ఆ ఏడాది బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య నైకీతో పదేళ్ల ఒప్పందం చేసుకుంది. అందులో కొన్ని స్నేహపూర్వక మ్యాచ్‌లు ఏర్పాటు చేసుకునే హక్కు కూడా కంపెనీకి ఇచ్చేశారు. జాతీయ జట్టు ఎక్కడ ఆడాలో బూట్ల కంపెనీ చెప్పడమేంటని గొడవై బ్రెజిల్ పార్లమెంటు విచారణ దాకా వెళ్లింది. అయినా దారి పడిపోయింది. తర్వాత్తర్వాత బ్రెజిల్ ఆటలని 'గ్లోబల్ టూర్' పేరుతో దేశదేశాలు తిప్పారు. జాతీయ జట్టు ఊరూరా డేరా వేసే సర్కస్ కంపెనీ అయింది. ఇదేం తిట్టు కాదు, వ్యాపారం నడిచే తీరే అంత.

మన దగ్గర డేరా 2011 సెప్టెంబరు 2న పడింది, కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో. అర్జెంటీనా, వెనెజులా. ఒటమెండి తలతో కొట్టిన గోల్‌తో 1-0. మెస్సీ పూర్తిస్థాయి కెప్టెన్‌గా దిగిన మొదటి మ్యాచ్ అదే. అంటే ప్రపంచకప్ ఎత్తిన ఆ కెప్టెన్సీ మొదలైంది మన దేశంలోనే. దీని వెనకున్నది కలకత్తాలోని ఒక ఈవెంట్ కంపెనీ.

ఆ తర్వాత జట్టు రావాల్సిన పని కూడా లేకుండా పోయింది. ఫుట్‌బాల్ సమాఖ్యలు 'రీజినల్ స్పాన్సర్' అనే సరుకు కనిపెట్టాయి. జట్టు పేరు, ముద్ర, ఆటగాళ్ల ఫొటోలు ఒక్క దేశంలో వాడుకునే హక్కు ఆ దేశపు కంపెనీకి అమ్ముతారు. మన దేశంలో ఒకరికి, పక్క దేశంలో ఇంకొకరికి. 2022 వరల్డ్ కప్‌కి భారతదేశంలో అర్జెంటీనా జట్టుని కొనుక్కున్నది అమూల్. అదే ఏడాది పోర్చుగల్ జట్టునీ అమూలే కొనుక్కుంది. మెస్సీ గొప్పా, రొనాల్డో గొప్పా అని మనం హాస్టల్ గదుల్లో గొంతులు చించుకుంటుంటే, రెండు పాలపాకెట్లూ ఒకే డెయిరీ నుంచి వస్తున్నాయన్నమాట. మరుసటేడు బంగ్లాదేశ్‌లో అదే హక్కు బీకాష్ అనే మొబైల్ చెల్లింపుల సంస్థ తీసుకుంది. కప్పు గెలిచాక అర్జెంటీనా జట్టు ట్విటర్ ఖాతా బంగ్లాదేశ్‌కి, కేరళకి, ఇండియాకి, పాకిస్తాన్‌కి థాంక్స్ చెప్పింది. 2023 ఫిబ్రవరిలో ఢాకాలో అర్జెంటీనా ఎంబసీ మళ్లీ తెరుచుకుంది. బంతి వెంట రాయబారం కూడా నడిచింది.

*

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. లేకపోతే రైల్లో పిల్లల మీద పడి ఏడ్చినట్టుంటుంది.

2022 డిసెంబరు 18 రాత్రి నేను శామీర్‌పేటలో ఒక ఫ్రెండు రూములో ఉన్నాను. శామీర్‌పేట అంటే మనకి చెరువు, ఆదివారం బిర్యానీ, జింకల పార్కు. ఇప్పుడు నల్సార్, బిట్స్, జినోమ్ వ్యాలీ వచ్చాక దేశంలో ఉన్న భాషలన్నీ అక్కడి టీ కొట్ల ముందు వినిపిస్తాయి. ఆ రూములో ఇద్దరు మలయాళీలు, ఒక బెంగాలీ, ఒక మణిపురీ అబ్బాయి, నలుగురం తెలుగువాళ్లం. ఫుట్‌బాల్ పిచ్చి మాకు ఆ నలుగురి నుంచే అంటింది. కోఠీలో బేరమాడి రెండొందల యాభైకి కొన్న జెర్సీ నా ఒంటి మీద ఉంది. అసలుదైతే వేలల్లో. 3-3 అయి, పెనాల్టీల్లో 4-2తో గెలిచినప్పుడు నేను ఏడ్చాను. ఎందుకేడ్చానో ఇప్పటికీ సిగ్గుపడను. ఆ ఏడుపు ఏ కంపెనీదీ కాదు.

సరిగ్గా అరవై రోజుల తర్వాత, 2023 ఫిబ్రవరి 16న, బలరాం కలకత్తాలో పోయారు. 86 ఏళ్లు. జబ్బు చేసి ఇరవై ఏడేళ్లకే ఆట మానేసిన మనిషి, మళ్లీ ఈ ఊరికి వచ్చి ఉండలేదు. బెంగాల్లోనే, ఉత్తరపారాలో స్థిరపడ్డారు. 1962లో అర్జున అవార్డు ఇచ్చారు. పద్మ పురస్కారం ఏదీ రాలేదు. ఆ వార్త నేను ఆ రోజు చదవలేదు. ఏడాది తర్వాత ఇంకేదో వెతుకుతుంటే కంటపడింది. పుట్టిన ఊరు అమ్ముగూడ అని చూసి ఫోన్ పక్కన పెట్టేశాను. నేను రోజూ దాటే స్టేషను.

సిగ్గు పడింది అప్పుడు.

ఇంకోటి కూడా ఉంది. 2024 సెప్టెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. ఇండియా, మారిషస్, సిరియా. యుద్ధంతో చితికిపోయిన దేశం నుంచి వచ్చిన సిరియా జట్టు మన జట్టుని 3-0తో ఓడించి కప్పు పట్టుకుపోయింది. పరాయి దేశపు జాతీయ జట్టు మన ఊరికి నిజంగా వచ్చి, నిజమైన ఆట ఆడింది. నాకు తెలిసిన అర్జెంటీనా అభిమానుల్లో ఒక్కరూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. సిరియాని మాకు ఎవరూ అమ్మలేదు మరి.

*

అమ్మింది కూడా ఎప్పుడూ చేతికందదు. అర్జెంటీనా జట్టు కేరళకి వస్తుందని 2024 నవంబరులో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. పుల్లవూర్ అనే పల్లెలో, ఏటి మధ్య ముప్పై అడుగుల మెస్సీ కటౌట్ నిలబెట్టిన జనం వాళ్లు. తేదీలు మారాయి, 2025 నవంబరు అన్నారు. ఆ నవంబరులో అర్జెంటీనా అంగోలా వెళ్లి ఆడొచ్చింది, కేరళకి రాలేదు. డిసెంబరులో జట్టు బదులు మెస్సీ ఒక్కడు వచ్చాడు, ఆట ఆడటానికి కాదు, కనిపించడానికి. 13వ తేదీ పొద్దున కలకత్తాలో వేలకి వేలు పోసి టికెట్ కొన్నవాళ్లకి అతని చుట్టూ మూగిన పెద్దమనుషుల వీపులే కనిపించాయి. అతను కాసేపటికే వెళ్లిపోయాడు, జనం కుర్చీలు విరగ్గొట్టారు, నిర్వాహకుణ్ణి అరెస్టు చేశారు. అదే సాయంత్రం మన ఉప్పల్లో అంతా సవ్యంగా జరిగింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి బంతి తన్నారు, మెస్సీ గ్యాలరీల్లోకి బంతులు కొట్టాడు, పిల్లలతో ఆడాడు. జనం సంతోషంగా ఇంటికెళ్లారు.

సంతోషాన్ని తప్పుపట్టను. ఒక్కటే అడుగుతాను. మెల్‌బోర్న్ నుంచి నాలుగో స్థానంతో తిరిగొచ్చిన ఊరికి, ఒక మనిషి గ్యాలరీలోకి బంతి తన్నడం చూసి కడుపు నిండిపోవడానికి మధ్య ఏం జరిగింది?

జవాబు మార్కెటింగ్ అని తోసేయలేం. మన జట్టుని మనం పోగొట్టుకున్నది అర్జెంటీనా వల్ల కాదు. సిటీ పోలీస్ జట్టు వెలుగు తగ్గినప్పుడు, మైదానాలు ఫంక్షన్ హాళ్లయినప్పుడు, 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మూడేళ్లకే ఊరు విడిచి ఢిల్లీకి తరలిపోయినప్పుడు అక్కడ ఖాళీ ఏర్పడింది. ఖాళీ అయిన చోటికే అమ్మేవాడు వస్తాడు. వాడి పని వాడు బాగా చేశాడు. మన పనే మిగిలిపోయింది.

రహీమ్ సాబ్ హంగరీ జెర్సీ తొడుక్కోలేదు. హంగరీ ఆట నేర్చుకుని మన పిల్లలకి నేర్పారు. అభిమానికీ విద్యార్థికీ తేడా అంతే. మెస్సీ ఎందుకు నడుస్తూ నడుస్తూ ఆగిపోతాడో, ఆ ఆగడంలో ఎవరి కళ్లు కప్పుతున్నాడో శామీర్‌పేట టర్ఫ్ మీద ఒక్కడు పట్టుకుని ప్రయత్నించినా, ఆ రెండొందల యాభై రూపాయల జెర్సీ గిట్టుబాటైనట్టే.

ఆ ముగ్గురూ మళ్లీ కనిపిస్తే ఈసారి చెబుతాను. మన టీం ఏడుందంటే, తమ్ముడూ, ఒకప్పుడు ఇదిగో ఈ స్టేషన్లోనే ఎక్కింది. రోమ్ దాకా పోయింది. హంగరీ మీద గోల్ కొట్టింది.