నర్సమ్మ బల్ల

జమ్మలమడుగులో మిషన్ ఆస్పత్రి ఎక్కడని అడిగితే దారి చూపించని మనిషి ఉండడు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన డాక్టర్ టి. విన్సెంట్ క్యాంబెల్ 1890ల్లో పెన్న గట్టున మొదలుపెట్టిన వైద్యం అది. ఇప్పటికీ ఆయన పేరుతోనే సీఎస్ఐ క్యాంబెల్ ఆస్పత్రిగా నడుస్తోంది. గుల్బర్గాలో ఎంబీబీఎస్ చదివి వచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి కొంతకాలం మెడికల్ ఆఫీసరుగా పనిచేసింది ఇక్కడే. 1973లో ఆయన పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరుతో 70 పడకల ఆస్పత్రి కట్టించారు. వైద్యుల పేర్లు ఇట్లా ఊళ్ల చరిత్రలో కలిసిపోయాయి, కలవాల్సిందే. ఆ వార్డుల్లోనే తెల్లవార్లూ మేలుకున్న నర్సమ్మల సంగతి మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. నర్సమ్మ ముందు ఏ బల్ల ఉండేది, దాని మీద ఏముండేది, కూర్చోవడానికి కుర్చీ ఉండేదా లేదా అన్నది తెలిస్తే, ఆ ఆస్పత్రి రోగిని ఎట్లా చూసుకుందో సగం తెలిసినట్టే.

మద్రాసు నుంచి రాయచూరు పోయే రైలుమార్గం కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పోతుంది. జమ్మలమడుగుకు రైలు మాత్రం ఎర్రగుంట్ల - నంద్యాల మార్గం పూర్తయిన 2016లో గానీ రాలేదు. కాబట్టి క్యాంబెల్ దొర కాలంలో ఇంగ్లీషు మందుల పెట్టె ముద్దనూరులోనో ఎర్రగుంట్లలోనో దిగాలి. అక్కడి నుంచి ఎద్దుల బండి మీద పెన్న దాటాలి. వానాకాలమైతే నది తగ్గేదాకా ఆగాలి. పింగాణీ పూత బేసిన్లు, గాజు సిరంజిలు, థర్మామీటర్లు, కార్బాలిక్ ద్రావణం ఇట్లా దూరం నుంచి రావాల్సిన సరుకు. బల్ల, బీరువా, స్టూలు ఊరి వడ్రంగి చేతిపని.

ఇక మన నేల ఇచ్చింది కడప బండ. ఎర్రగుంట్ల, ముద్దనూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల తవ్వి తీసే ఈ నల్లటి నాపరాయి దక్షిణాది అంతటా వంటింటి అరుగుగా, గోడ అరగా ఇల్లిల్లూ చేరింది. పాత ఆస్పత్రుల్లోనూ మందు సీసాలు పెట్టుకునే అరలు, డ్రెస్సింగ్ గదిలో గట్లు దీనితోనే వేశారు. చెదపురుగు ముట్టదు, నీళ్లకు ఉబ్బదు, వేడి గిన్నె దించినా భయం లేదు. ఒక్క లోపం ఉంది. ఇది సున్నపురాయి జాతి. ఆమ్లం పడితే మెరుగు పోయి గరుకెక్కుతుంది. ఆ గరుకులోనూ, రెండు బండల అతుకులోనూ మురికి నిలుస్తుంది. మరకలు పోవాలని యాసిడ్‌తో కడిగిన ప్రతిసారీ ఆ గట్టు ఇంకాస్త చెడుతుంది. అందుకే ఇంజెక్షన్లు సిద్ధం చేసే చోట ఇప్పుడు స్టీలు పలకో అతుకు లేని గ్రానైటో వేయమంటున్నారు. మన బండను తక్కువ చేయడానికి కాదు ఈ మాట. ఫైళ్ల అరకు, తడి తగలని గోడకు దాన్ని మించింది ఇప్పటికీ లేదు. సూది మందు పక్కన మాత్రం దానికి చోటు వద్దు.

నర్సు ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్నను మొదట గట్టిగా పట్టుకున్న మనిషి ఫ్లారెన్స్ నైటింగేల్. 1853లో లండన్‌లోని హార్లీ వీధిలో ఒక చిన్న ఆస్పత్రి బాధ్యత తీసుకునే ముందే ఆమె షరతులు పెట్టింది. ప్రతి అంతస్తుకూ వేడినీళ్ల గొట్టం రావాలి. భోజనం పైకి చేర్చడానికి లిఫ్టు కావాలి. రోగుల గంటలన్నీ ఆ అంతస్తు నర్సు గది బయటే మోగాలి. మోగిన గంటకు చిన్న రేకు తెరుచుకొని అట్లాగే ఉండిపోవాలి, పిలిచింది ఏ రోగో నర్సు వచ్చి చూసుకునేదాకా తెలుస్తుండాలి. ఈనాటి కాల్ బెల్ బోర్డు మీద వెలిగే ఎర్ర దీపం చేసే పని అదే. ఈ ఏర్పాట్లు లేకపోతే నర్సు బతుకంతా మెట్లెక్కి దిగడంతోనే సరిపోతుందని ఆమె వాదన. తర్వాత ‘నోట్స్ ఆన్ హాస్పిటల్స్’లో ఆమె గీసి చూపిన వార్డులో ముప్పై చిల్లర మంచాలు రెండు వరసలుగా ఉంటాయి, మంచాల మధ్య కిటికీలు ఉంటాయి, వార్డు చివర సిస్టర్ గదికి లోపలికి చూసే కిటికీ ఉంటుంది. నడుమ వేసిన బల్ల దగ్గర నిలబడితే ప్రతి ముఖమూ కనిపిస్తుంది. మన పాత జిల్లా ఆస్పత్రుల పొడుగాటి జనరల్ వార్డులు ఆ నమూనా సంతానమే.

ఆమెకూ మన సీమకూ ఇంకో సంబంధం ఉంది. నైటింగేల్ ఏనాడూ భారతదేశానికి రాలేదు. అయినా మద్రాసు రాజధాని కరువుల మీద, కాలువల మీద ఏళ్ల తరబడి రాసింది, కాలువలు తవ్వాలన్న సర్ ఆర్థర్ కాటన్ వాదం వైపు నిలబడింది. 1876-78 కరువులో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కడప ఒకటి. ఆ కరువు మీద 1878లో ఆమె పత్రికకు రాసిన వ్యాసం నిండా ఆవేదనే. మైదుకూరు, ఖాజీపేట పొలాలకు నీళ్లిచ్చే కేసీ (కర్నూలు - కడప) కాలువ ఆ కాలపు నిర్మాణమే. పొలానికి నీళ్లు, వార్డుకు వేడినీళ్లు రెండూ ఆమెకు ఒకే ప్రశ్న. మనిషిని బతికించే ఏర్పాటు ముందే ఎందుకు చేయలేదన్నదే ఆ ప్రశ్న.

మద్రాసు జనరల్ ఆస్పత్రిలో 1871లో నర్సుల శిక్షణ మొదలైనప్పుడు చేరింది నలుగురే. ఆడపిల్ల పరాయి మగవాడి ఒళ్లు ముట్టుకొని సేవ చేయడమా అని ముక్కున వేలేసుకున్న కాలం. మిషన్ ఆస్పత్రులు తమ బడుల్లో చదివిన అమ్మాయిలకు, దిక్కులేని వితంతువులకు ఈ పని నేర్పాయి. కులం తక్కువని ఊరు దూరం పెట్టిన ఇళ్ల పిల్లలే వాళ్లలో ఎక్కువ. ఊరి పెద్ద ఇంటి మనిషికి జ్వరమొస్తే నుదురు తడిమి చూసింది ఆ చేతులే. 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ లెక్క తీసేసరికి దేశం మొత్తానికి ఉన్న నర్సులు సుమారు 7,000 మంది, అంటే 43,000 మంది జనానికి ఒక్క నర్సు. 500 మందికి ఒకరు ఉండాలని కమిటీ కోరింది.

ఆ కాలపు బల్ల మీద మూతతో స్టీలు ట్రే, కిడ్నీ ట్రే, లైసాల్ పోసిన పొడుగాటి జాడీలో నిలబెట్టిన చీటిల్ ఫోర్సెప్స్ ఉండేవి. అడుగున దూది వేసిన గ్లాసులో థర్మామీటర్లు, స్పిరిట్ సీసా, లాంతరు, అట్ట చినిగిన రిపోర్టు బుక్కు. పక్కనే స్టవ్వు మీద సిరంజిలు ఉడుకుతుండేవి. సూది మొద్దుబారితే రాయి మీద పదునుపెట్టి మళ్లీ వాడేవాళ్లు. ఇది నమ్మలేనట్టుంటుంది ఈ తరానికి. ఇక కుర్చీ. డ్యూటీలో నర్సు కూర్చోవడమే తప్పన్న క్రమశిక్షణ చాలాకాలం నడిచింది, రిపోర్టు రాసేటప్పుడే కూర్చోవాలి. నడుం నొప్పులతో రిటైరవడం ఒక తరం ఆ క్రమశిక్షణకు కట్టిన పన్ను.

బీరువా తాళం గుత్తి సిస్టర్ నడుం దగ్గరే ఉండేది. మార్ఫిన్, పెథిడిన్ లాంటి మందులకు 1930 డేంజరస్ డ్రగ్స్ చట్టం, తర్వాత 1985 ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాయి. ఆ మందులకు తలుపులో తలుపు, రెండు తాళాలు, విడి రిజిస్టరు. డ్యూటీ మారేటప్పుడు పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ కలిసి ఆంప్యూల్ ఆంప్యూల్‌గా లెక్కపెట్టి ఇద్దరూ సంతకం పెడతారు. ఖాళీ ఆంప్యూల్ కూడా లెక్కలోదే.

ఎయిడ్స్ భయం వచ్చాక స్టవ్వు పోయింది, ప్యాకెట్ సిరంజి వచ్చింది. దాంతోపాటు చెత్త పెరిగింది. 1998లో ఆస్పత్రి వ్యర్థాల నిబంధనలు, 2016లో కొత్త నిబంధనలు వచ్చాక పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు వరసగా నిలిచాయి. రక్తం అంటిన దూది పసుపులోకి, సెలైన్ గొట్టం ఎరుపులోకి, సూది తూట్లు పడని తెల్ల డబ్బాలోకి, గాజు సీసా నీలంలోకి. వీటికి చోటు ఎవరూ ముందు ఆలోచించలేదు. చాలా వార్డుల్లో నడవలోకి జరిగిపోయాయి. సూది వాడిన చోటికీ డబ్బాకూ మధ్య దూరం పెరిగినకొద్దీ చేతికి గుచ్చుకునే ప్రమాదం పెరుగుతుంది. ఆ ప్రమాదం పడేది ఎక్కువగా నర్సమ్మ మీద, చెత్త ఎత్తే ఆయమ్మ మీద.

ఇప్పుడు కడప జిల్లాలో ఆస్పత్రులు పెద్దవయ్యాయి. కడపలో 2006లో రిమ్స్ వచ్చింది. పులివెందులలో 2024 మార్చిలో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ప్రారంభమైంది. ప్రొద్దుటూరు జిల్లా ఆస్పత్రికి చుట్టుపక్కల మండలాల జనమంతా వస్తారు. కొత్త భవనాల్లో బల్ల పోయి కౌంటర్ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది, గుండె కొట్టుకునే తీరు తెర మీద చూపించే మానిటర్ వచ్చింది. దీంట్లో నాకు రెండు ఆలోచనలున్నాయి. మన సీమలో ఒక రోగి వెంట అరడజను మంది వస్తారు. ‘సిస్టరమ్మా, సెలైన్ అయిపోయింది రాండి’ అని ఒకరు, ‘మా నాయనను ఎప్పుడు పంపిస్తారు’ అని ఒకరు చుట్టూ మూగితే డోసు లెక్క తప్పుతుంది. మందు కలిపే మనిషికి నాలుగు నిమిషాల నిశ్శబ్దం కావాలి, కౌంటర్ అది కొంత ఇస్తుంది. కానీ ఛాతీ ఎత్తున కట్టిన కౌంటర్ వెనక కూర్చుంటే మంచాలు కనిపించవు. అందుకే రెండు ఎత్తులు ఉండాలి. జనం నిలబడి మాట్లాడే వైపు మూడున్నర అడుగులు, లోపల రాసుకునే వైపు రెండున్నర. వార్డు వైపు అడ్డం ఉండకూడదు. మందు కలిపే గట్టు పక్కకు, నర్సు వీపు జనం వైపు రాకుండా ఉండాలి.

2008లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో 36 ఆస్పత్రుల్లో నర్సుల పనివేళలను కొలిచారు. రాతపనికి మూడో వంతు పైగా సమయం పోతోందని, రోగి పక్కన నేరుగా చేసే సేవకు అయిదో వంతు కూడా దక్కడం లేదని తేలింది. పది గంటల పగటి డ్యూటీలో ఒక మైలు నుంచి అయిదు మైళ్ల దాకా నడుస్తున్నారట. అన్ని యంత్రాలున్న చోట ఆ పరిస్థితి. మన దగ్గర ఆన్‌లైన్ ఎంట్రీలు ఒకవైపు, అవే వివరాలు రిజిస్టర్లలో మళ్లీ ఇంకోవైపు. కంప్యూటర్ తెచ్చిన రోజున పాత రిజిస్టరు మూసే ధైర్యం చేయనిదే నర్సుకు మేలు జరగదు.

ఖాజీపేట లాంటి మండల కేంద్రానికి వద్దాం. కడప - కర్నూలు జాతీయ రహదారి ఊరి మీదుగా పోతుంది. ప్రమాదం ఎప్పుడైనా తలుపు తట్టొచ్చు, కాన్పు ఎప్పుడైనా రావచ్చు. దేశవ్యాప్త ప్రమాణాల ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రమంటే ఆరు పడకలు, సామాజిక ఆరోగ్య కేంద్రమంటే ముప్పై. ఆరు పడకల చోట ముగ్గురు స్టాఫ్ నర్సులుంటే షిఫ్టుకు ఒక్కరు. అర్ధరాత్రి ఆ ఒక్క మనిషే లేబర్ రూములో ఉండాలి, వార్డులోనూ ఉండాలి. ఇట్లాంటి చోట ఏ వస్తువు ఎక్కడుందన్నది ప్రాణం మీది మాట.

లేబర్ రూముకు కేంద్రం ఏడు ట్రేలు నిర్దేశించింది. కాన్పుకు ఒకటి, కోత-కుట్లకు ఒకటి, బిడ్డకు ఒకటి, మామూలు మందులకు, అత్యవసర మందులకు చెరొకటి, గర్భస్రావం కేసులకు, కాన్పు తర్వాతి కాపర్-టీకి ఇంకో రెండు. గుర్రపువాతానికి మెగ్నీషియం సల్ఫేట్, రక్తస్రావానికి ఆక్సిటోసిన్ చేతికందాలి. ఆక్సిటోసిన్ 2-8 డిగ్రీల చలువలో ఉండాలి కాబట్టి ఫ్రిజ్ అడుగు దూరంలో ఉండాలి, టీకాల ఫ్రిజ్‌లో కాకుండా విడిగా. ఆక్సిజన్ సిలిండర్ తాళంచెవి సిలిండర్‌కే తాడుతో కట్టి ఉండాలి. బిడ్డ స్థితిని మొదటి నిమిషంలో, అయిదో నిమిషంలో లెక్కగట్టే అప్గార్ స్కోరుకు గోడ మీద సెకన్ల ముల్లున్న గడియారం కావాలి. సెల్‌ఫోన్ చాలదా అంటారు. రెండు చేతులకూ గ్లవుజులుంటే ఫోన్ తీసేదెట్లా? చేతులు కడుక్కునే సింకు రోగికీ బల్లకూ మధ్య దారిలో ఉండాలి, మోచేత్తో తిప్పే కుళాయితో. కరెంటు పోతే పనికొచ్చే టార్చీ ఒకటి.

ఇవన్నీ రోగి కోసం. నర్సు కోసం ఏముంది? కలకత్తా ఆర్.జి. కర్ ఆస్పత్రిలో 2024 ఆగస్టులో డ్యూటీలోని యువ వైద్యురాలి మీద జరిగిన ఘోరం తర్వాత సుప్రీంకోర్టు వైద్య సిబ్బంది భద్రత మీద జాతీయ స్థాయి బృందాన్ని వేసింది. ఆమె ఆ రాత్రి నడుం వాల్చింది సెమినార్ హాల్లో. ఊరి చివర ఆరోగ్య కేంద్రంలో ఒంటరిగా ఉండే నర్సమ్మకు లోపలి గడియ ఉన్న గది, దగ్గర్లో మరుగుదొడ్డి, వెలుతురున్న దారి, నొక్కితే వాచ్‌మన్‌కు వినిపించే బెల్లు కూడా పరికరాల జాబితాలోనే రాయాలి. మందుల ట్రేకు ఎంత విలువ ఇస్తామో వీటికీ అంతే.

చాలాసార్లు ఈ జాబితాలు జిల్లా కేంద్రంలో తయారై కిందికి వస్తాయి. ట్రాలీ వస్తుంది, గడప దాటదు. బీరువా వస్తుంది, తాళం వేసే పైఅరకు నర్సమ్మ చెయ్యి అందదు. అయినా ఆరోగ్య కేంద్రాల చేతిలో కొంత డబ్బు ఉండనే ఉంటుంది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ రోజుల నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఏటా అవసరాన్ని బట్టి వాడుకునే అంటైడ్ నిధిగా 25,000, నిర్వహణకు 50,000, అభివృద్ధి సొసైటీకి 1,00,000 రూపాయలు అన్న పద్దులు నడిచాయి. ఖర్చు తీర్మానం చేసేది స్థానిక కమిటీయే. ఆ కమిటీ సమావేశం పగలు పెట్టుకున్నా, ముందు రాత్రి డ్యూటీ చేసిన స్టాఫ్ నర్సును కూర్చోబెట్టి అడగాలి. ఏది వెతుక్కోవాల్సి వచ్చింది, ఏది పనిచేయలేదు, ఎక్కడ చీకటిగా ఉంది అని. ఆమె చెప్పింది తీర్మానంలో మొదటి వరుసలో రాయాలి. వీపు ఆనించే కుర్చీ, గోడ గడియారం, తలుపు గడియ, టార్చీ, గడప దగ్గర చిన్న ర్యాంపు. వీటికి టెండరు అక్కర్లేదు, ప్రొద్దుటూరు బజారులో ఒక్క పూటలో దొరుకుతాయి.