కోళ్ల ఎరువు కంపోస్టు

కోళ్ల ఫారంలో పోగయ్యే రెట్టను, షెడ్డులో పరిచిన ఊకను, చనిపోయిన కోళ్లను గాలి, తడి సరిపడా అందే కుప్పలో మాగబెట్టి సేంద్రియ ఎరువుగా మార్చే పద్ధతి ఇది. రెట్టలో సత్తువ ఉందని రైతులకు ఏనాటినుంచో తెలుసు. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత కొలుమెల్లా పక్షుల ఎరువుల్లో పావురాల రెట్టకు మొదటి స్థానం, కోళ్ల రెట్టకు రెండో స్థానం ఇచ్చాడు. మన పల్లెల్లో నాలుగు పెరటి కోళ్ల రెట్ట పేడతో, కసువుతో కలిసి పెంటకుప్పలోకి చేరేది. దానికి వేరే పద్ధతి అక్కర్లేకపోయింది.

కంపోస్టుకు శాస్త్రీయ రూపం ఇండోర్‌లో వచ్చింది. అక్కడ ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ పంట చెత్తను, పేడను పొరలుగా పేర్చి తిరగేసే పద్ధతిని తీర్చిదిద్ది 1931లో పుస్తకంగా వెలువరించారు. 1940ల్లో అమెరికాలోని ఒహాయో పరిశోధకులు డీప్ లిట్టర్‌పై, అంటే షెడ్డు నేల మీద మందంగా పరిచే పొట్టుపై, పనిచేశారు. లిట్టర్‌ను ప్రతి బ్యాచ్‌కూ ఎత్తివేయకుండా కలియబెడుతూ, పైన కొత్త పొట్టు చల్లుతూ పోతే షెడ్డులోనే అది కొంత మాగుతుంది.

అసలు చిక్కు పంజరాలతో మొదలైంది. 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోళ్ల పెంపకం పెద్ద పరిశ్రమగా ఎదిగింది. గుడ్ల కోళ్లు ఎత్తైన షెడ్లలో పంజరాలకెక్కాయి. వాటి కింద ఊక ఉండదు. వరుసల వెంట నెలల తరబడి ఒట్టి రెట్టే గుట్టలు కడుతుంది. కోడికి మూత్రం వేరుగా రాదు, నత్రజని యూరిక్ ఆమ్లంగా రెట్టతోనే తెల్లగా పడుతుంది. అది అమ్మోనియాగా మారి, కళ్లు మండించి, గాలిలో కలిసిపోతుంది. పచ్చిగా పొలంలో చల్లితే వేళ్లు మాడతాయి, ఈగలు ముసురుతాయి, సాల్మొనెల్లా వంటి క్రిములు పంటదాకా వస్తాయి.

ఒట్టి రెట్టలో కర్బన, నత్రజనుల నిష్పత్తి సుమారు 10:1, లేదా అంతకన్నా తక్కువ. కుప్ప బాగా మాగాలంటే 25:1 నుంచి 30:1 దాకా ఉండాలి. ఆ లోటును వరిగడ్డి, రంపపు పొట్టు, కొబ్బరి పొట్టు తీరుస్తాయి. ఊక చవకే గానీ అందులోని సిలికా వల్ల త్వరగా చివకదు. గుప్పెట పట్టి పిండితే చేతికి చెమ్మ తగలాలి, నీరు కారకూడదు. సరిగా పేర్చిన కుప్ప కొద్ది రోజుల్లోనే లోపల 55–65 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. చాలా క్రిములు, కలుపు గింజలు ఆ వేడికి చస్తాయి. తిరగేసినప్పుడు అమ్మోనియా ఘాటు ముక్కుకు కొట్టిందంటే గడ్డి చాలలేదన్నమాట. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కొబ్బరి పొట్టుతో, ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనంతో రెట్టను మాగబెట్టడాన్ని ప్రచారంలోకి తెచ్చింది. చనిపోయిన కోళ్లను గుంటల్లో పూడ్చే బదులు లిట్టర్, గడ్డి పొరల మధ్య కంపోస్టు చేసే విధానం 1980ల్లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో రూపుదిద్దుకుంది.

ఆ రాష్ట్రంలోనే 1997లో చెసపీక్ అఖాతంలో కలిసే నదుల్లో చేపలు చచ్చి తేలాయి. పొలాల నుంచి కొట్టుకొచ్చిన కోళ్ల ఎరువే కారణమన్న అనుమానంతో మరుసటి ఏడే పొలాల్లో పోషకాల వాడకంపై చట్టం వచ్చింది. కంపోస్టును మెచ్చుకునేవారు దాటవేయకూడని మాట ఒకటుంది: మాగితే కుప్ప తగ్గుతుంది గానీ భాస్వరం తగ్గదు, చిక్కబడుతుంది. ఒకే చేలో ఏటా గుమ్మరిస్తే నేలలో పేరుకుపోతుంది.

2020లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించాక కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కోళ్ల ఫారాల మార్గదర్శకాలను సవరించింది. అయినా తెలుగు రాష్ట్రాల్లో ఈ ఎరువు ఇప్పటికీ పచ్చిగానే తోటలకు, చేపల చెరువులకు తరలిపోతుండడం విచారకరం. సేంద్రియ ముద్ర కోరుకునేవారికి మరో అడ్డంకి ఉంది. భారీ పారిశ్రామిక ఫారాల ఎరువును, కంపోస్టు చేసినదైనా సరే, ఐరోపా సమాఖ్య సేంద్రియ నిబంధనలు ఒప్పుకోవు. అక్కడికి సేంద్రియ మిరప, పసుపు ఎగుమతి చేయదలచిన రైతు, లోడు దింపకముందే ఎరువు ఎలాంటి ఫారం నుంచి వచ్చిందో అడిగి తెలుసుకోవాలి.