ముండ్లపొదల చరిత్ర

పెనుకొండ దుర్గమును జూడవచ్చినవారు గగనమహలును జూతురు. 1565లో రాక్షసతంగడి యుద్ధానంతరము తిరుమలదేవరాయలిచ్చట రాజ్యమేలిన కథ చెప్పుకొందురు. కొండ దిగి పోవుదురు. మేమును పలుమారులట్లే చేసితిమి. ఒకనాడు కొండదారిలో మేకలు కాచుకొను వృద్ధుడొకడు, ప్రక్కనున్న చెట్టును జూపి, "అయ్యవారూ, ఇది చిరుమాను. ఆ ముండ్లది చండ్ర" అనెను. మేము సిగ్గుపడితిమి. ద్వంద్వసమాసమునకు ధవఖదిరములను ఉదాహరణముగా ఇరువదియేండ్లనుండి పిల్లలకు జెప్పుచున్నాము. ధవమనగా చిరుమానని, ఖదిరమనగా చండ్రయని నిఘంటువువలన నెఱుగుదుము గాని, చెట్ల నెఱుగము. ఆ యుదాహరణమున వైయాకరణులు వానిని నరుకుమనియే చెప్పిరి. వ్యాకరణమునందు మనవారు తప్పక పాటించినది ఆ యొక్కమాటయే కాబోలు!

హిందూపురమునుండి ధర్మవరము వఱకు గల ఈ రాతికొండలమీద వాన తక్కువ. వేసవిలో చెట్లు ఆకురాల్చి మోడులగును. అందుచే దొరలును, వారి చదువు చదివిన మనమును దీనిని అడవి యనక బంజరని వ్రాసికొంటిమి. తునికి, బిల్లు, కలివి, చిరుతపులి, ఎలుగుగొడ్డు, ఇవన్నియు ఆ బంజరులోనివే.

బంజరన్నచోట ఏమి నాటినను తప్పులేదనిపించును. నాగజెముడు మనది కాదు. అమెరికా ఖండమునుండి వచ్చినది. 18వ శతాబ్ది చివర, ఎఱ్ఱరంగునిచ్చు కొచినీలు పురుగును పెంచు నాసతో, కుంపిణీవారు జేమ్సు ఆండర్సను అను వైద్యునిచేత మద్రాసులో జెముడుతోటలు వేయించిరి. ధర్మవరపు పట్టుమగ్గముల నెఱిగినవారికి ఎఱుపు విలువ వేఱుగ జెప్పనేల? రంగువ్యాపారము ఫలింపలేదు, జెముడుజాతులు మాత్రము దక్షిణదేశపు మెట్టనేలలనెల్ల నాక్రమించెను. 1926లో సింహళమునుండి మఱియొకజాతి కొచినీలు పురుగును దెచ్చి విడిచినపిమ్మటగాని ఆ పీడ తగ్గలేదు.

ఇక కలివిపొదల పేరు పెట్టుకొన్న పక్షి కలదు: కలివికోడి. శాస్త్రజ్ఞులు దీనిని 1848లో కనుగొన్న జెర్డను పేరిట పిలుతురు. 1900లో హోవర్డు క్యాంబెలు అనంతపురము సమీపమున దీనిని జూచెను. పిమ్మట ఎనుబదియాఱేండ్లు ఎవరికిని గనబడలేదు. నశించినదనియే పండితులు తలంచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు కడపజిల్లా సిద్ధవటము ప్రాంతమున వెదకుచుండగా, గ్రామస్థుడొకడు రాత్రివేళ దీపపు వెలుతురున దానిని పట్టెను. పట్టిన పక్షి బ్రతుకలేదు. పొదలు మఱీ దట్టమైనను, బొత్తిగా కొట్టివేసినను అది నిలువదట. నడుమ ఖాళీనేల గల ముండ్లపొదలే, అనగా మనము బంజరన్నదే, దాని యిల్లు. దానికొఱకు 1988లో లంకమల అభయారణ్య మేర్పడెను. తెలుగుగంగ కాలువ దారియు మార్చబడెను.

ఈ వృత్తాంతము చదివినపిమ్మట మేము మరల పెనుకొండ కేగి, ఆ వృద్ధుని వెదకి, కలివికోడి యీ కొండలదాపున ఎన్నడైన గనబడెనా యని యడిగితిమి. అతడు కఱ్ఱమీద గడ్డమాని కొంతసేపాలోచించెను.

"రాత్రిపూట అరిచే పిట్టలు శానా ఉండాయి. అదెట్ల అరుస్తాదో చెప్పు, అయ్యవారూ."

మేము దానినిగూర్చి చదివితిమేగాని, దాని కూత విన్నవారము కాము.