సమత తీర్పు (1997)

ఆదివాసుల భూమి కోసం ఒక స్వచ్ఛంద సంస్థ ప్రభుత్వాన్నే సుప్రీంకోర్టుకు ఈడ్చి గెలిచిన కేసు. విశాఖ మన్యంలో, బొర్రా గుహల చుట్టుపక్కల నిమ్మలపాడు వంటి ఊళ్లలో, కాల్సైట్ తదితర ఖనిజాల కోసం ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం లీజులిచ్చింది. ‘సమత’ అనే ఆ సంస్థ కోర్టుకెక్కింది, హైకోర్టులో ఓడినా వెనక్కి తగ్గలేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, 1970 సవరణతో కలిపి, ఏజెన్సీ (గిరిజన) ప్రాంతంలో భూమి గిరిజనేతర ‘వ్యక్తి’కి పోరాదంటుంది. ‘వ్యక్తి’ అన్న ఆ మాట ప్రభుత్వానికీ వర్తిస్తుందని 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు తేల్చారు. గిరిజన ప్రాంతాలకు రక్షణనిచ్చే రాజ్యాంగ ఐదో షెడ్యూలును ఇంత గట్టిగా పట్టించుకున్న తీర్పులు అరుదే. ఈ తీర్పు ప్రకారం కంపెనీల లీజులు చెల్లవు. గిరిజన సహకార సంఘాలు తవ్వుకోవచ్చు. తీర్పును మార్చాలన్న ప్రభుత్వాల అభ్యర్థననూ కోర్టు తర్వాత తోసిపుచ్చింది.