పద్నాలుగో నంబరు గది

2022 దీపావళి సాయంత్రం మా అపార్ట్‌మెంట్ వాట్సప్ గ్రూపులో ప్రమిదల ఫొటోల మధ్య ఒక వార్త వచ్చి పడింది. రిషి సునాక్ బ్రిటన్ ప్రధాని కాబోతున్నాడు. ఇక చూడండి సందడి! నారాయణమూర్తిగారి అల్లుడంటే దేశం మొత్తానికీ అల్లుడే కదా. నేనూ ఒక చప్పట్ల బొమ్మ పెట్టాను. అప్పుడు మా పిన్ని కొడుకు, ఇంటర్ సెకండియర్, పక్కన కూచుని అడిగాడు: "అన్నా, అక్కడ ఎలక్షన్లు ఎప్పుడయ్యాయి?"

"అవలేదురా" అన్నాను.

"మరి ఎవరు గెలిపించారు?"

రాజు నియమిస్తాడని తెలుసు. రాజుకి ఆ పేరు ఎవరు చెబుతారు? అక్కడ ఆగిపోయాను. జవాబు వెతుక్కుంటూ పోతే 1922 కమిటీ దగ్గర తేలాను.

అది కన్జర్వేటివ్ పార్టీ ఎంపీల సంఘం. ముఖ్యంగా మంత్రి పదవులు లేకుండా సభలో వెనక బెంచీల మీద కూచునేవాళ్ళది. పార్లమెంటు భవనంలో పద్నాలుగో నంబరు కమిటీ గదిలో కలుస్తారు. మాట నచ్చితే బల్లలు చరుస్తారు. సునాక్ వచ్చేనాటికి ఉన్న నియమం ఇది: పార్టీ ఎంపీల్లో 15 శాతం మంది నాయకుడి మీద నమ్మకం లేదని కమిటీ ఛైర్మన్‌కి ఉత్తరాలు రాస్తే, రహస్య ఓటింగ్ పెట్టాలి. ఎన్ని ఉత్తరాలు చేరాయో ఛైర్మన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. రాసినవాళ్ళు పేరు చెప్పుకోనక్కర్లేదు. మనసు మారితే ఉత్తరం వెనక్కి తీసుకోవచ్చు కూడా.

మన దగ్గర 'సీల్డ్ కవర్ ముఖ్యమంత్రి' అనే మాట ఉంది. ఢిల్లీ నుంచి కవరు వస్తుంది, అందులో పేరుంటుంది, శాసనసభా పక్షం చేతులెత్తుతుంది. అక్కడా కవర్లే. కాకపోతే కింద నుంచి పైకి వెళ్తాయి. ఈ తేడానే నన్ను కట్టిపడేసింది.

ఈ కమిటీ పుట్టుక గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. 1922 అక్టోబర్ 19న లండన్‌లోని కార్ల్‌టన్ క్లబ్బులో కన్జర్వేటివ్ ఎంపీలు సమావేశమయ్యారు. లాయిడ్ జార్జ్ సంకీర్ణంలో కొనసాగుదామని వాళ్ళ నాయకుడు ఆస్టిన్ చాంబర్లిన్ అన్నాడు. ఎంపీలు అతని మాట కాదని, భారీ తేడాతో సంకీర్ణానికి వ్యతిరేకంగా ఓటేశారు. చాంబర్లిన్ నాయకత్వం పోయింది, లాయిడ్ జార్జ్ అదే రోజు రాజీనామా చేశాడు. ఆ తిరుగుబాటు గుర్తుగానే కమిటీకి 1922 అని పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు.

తప్పు. కమిటీ పుట్టింది 1923 ఏప్రిల్‌లో. ఆ ముందు నవంబర్ ఎన్నికల్లో తొలిసారి గెలిచి, సభా పద్ధతులు తెలియక తికమకపడుతున్న కొత్త ఎంపీలు ఒకరికొకరు సాయంగా పెట్టుకున్న బృందం అది. 1922లో గెలిచిన బ్యాచ్, అంతే. కార్ల్‌టన్ క్లబ్బులో ఓటేసే నాటికి వాళ్ళు ఎంపీలే కారు.

అప్పట్లో ప్రధానిని ఎంచుకోవడంలో వాళ్ళ మాటకి విలువెంత? మరుసటి నెలలోనే తెలిసింది. 1923 మేలో ప్రధాని బోనార్ లా గొంతు క్యాన్సర్‌తో తప్పుకున్నాడు. పోటీలో ఇద్దరు. ఒకరు మనం బెంగాల్ విభజన పాఠంలో చదువుకున్న లార్డ్ కర్జన్. రెండోవాడు స్టాన్లీ బాల్డ్విన్. ఐదో జార్జ్ కొందరు పెద్దల్ని సంప్రదించాడు. ఊళ్ళో ఉన్న కర్జన్‌కి లండన్ రమ్మని తంతి వెళ్ళింది. ప్రధాని పదవే అనుకుని బయల్దేరి వచ్చాడాయన. వచ్చాక, రాజుగారు బాల్డ్విన్‌ని ఎంచుకున్నారని చెప్పారు. ఇందులో ఎంపీల ఓటింగ్ ఎక్కడా లేదు.

ఈ పద్ధతి ఇంకో నలభై ఏళ్ళు నడిచింది. లేబర్ పార్టీ ఎంపీలు తమ నాయకుణ్ణి ఓటేసి ఎన్నుకుంటుంటే, కన్జర్వేటివ్ నాయకుడు మాత్రం 'అవతరించేవాడు'. 1963లో ప్రధాని మాక్మిలన్ ఆస్పత్రి మంచం మీదినుంచి రాజీనామా చేశాడు. ఎలిజబెత్ రాణి ఆస్పత్రికే వెళ్ళింది. ఆయన లార్డ్ హోమ్ పేరు చెప్పాడు. దిగువ సభలో అడుగుపెట్టే అర్హత కూడా లేని ఒక ఎర్ల్ అలా ప్రధాని అయ్యాడు. తర్వాత బిరుదు వదులుకుని, ఉపఎన్నికలో గెలిచి సభకొచ్చాడు. పార్టీలో ఇద్దరు ప్రముఖులు, ఇయాన్ మెక్లౌడ్, ఈనక్ పావెల్, ఆయన మంత్రివర్గంలో చేరమన్నారు. ఇదంతా ఒక 'మాయా వలయం' చేసిన పని అని మెక్లౌడ్ పత్రికలో రాశాడు. ఆ మాట అంటుకుంది.

1964 ఎన్నికల్లో ఓడిపోయాక హోమే పద్ధతి మార్చాడు. 1965 జులైలో కన్జర్వేటివ్ ఎంపీలు మొదటిసారి ఓటేశారు: హీత్‌కి 150, మాడ్లింగ్‌కి 133, పావెల్‌కి 15. ఓటింగ్ నడిపే పని 1922 కమిటీది.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఇదే. రాచరికానికి మిగిలిన చివరి నిజమైన అధికారాల్లో ఒకటి, ప్రధానిని ఎంచుకోవడం. దాన్ని లాక్కున్నది విప్లవకారులు కాదు. రాణిగారి ఆరోగ్యం కోరుతూ గ్లాసులెత్తే పార్టీయే, చప్పుడు చెయ్యకుండా, నియమాల పుస్తకంలో ఒక పేజీ చేర్చి తీసేసుకుంది. ఆ పేజీ ఎంత పదునైనదో థాచర్‌కి తెలిసింది. 1990లో ఆమెకి 204 ఓట్లు, ప్రత్యర్థికి 152. అయినా నిబంధన ప్రకారం నాలుగు ఓట్లు తక్కువ. రెండ్రోజుల్లో రాజీనామా ప్రకటించింది.

అయితే ఆ అధికారం ఎంపీల దగ్గరే ఆగలేదు. 1998లో ఆఖరి ఎంపికని మామూలు పార్టీ సభ్యులకి ఇచ్చారు. 2022 వేసవిలో తేడా కొట్టింది అక్కడే. ఎంపీల ఆఖరి రౌండులో సునాక్‌కి 137, లిజ్ ట్రస్‌కి 113. సుమారు 1,72,000 మంది సభ్యుల దగ్గరికి వెళ్ళేసరికి ట్రస్ గెలిచింది. ఏడు వారాలు తిరక్కుండానే ఆమె రాజీనామా, అక్టోబర్ 20న. కార్ల్‌టన్ క్లబ్బు సమావేశానికి సరిగ్గా నూరేళ్ళ ఒకరోజు.

ఈసారి పోటీకి దిగాలంటే వందమంది ఎంపీల మద్దతు ఉండాలన్నారు. చివరికి గడువులోపు నిలబడింది సునాక్ ఒక్కడే. సభ్యుల దాకా వెళ్ళే పనే లేకపోయింది. అక్టోబర్ 25న మూడో చార్లెస్ సునాక్‌తో చేయి కలిపిన ఫొటో ప్రపంచమంతా చూసింది.

ఇది మంచిదా చెడ్డదా అంటే నాకు రెండు నాల్కలున్నాయి. విప్ అంటే హడలిపోయే మన ఎమ్మెల్యేల్ని చూస్తుంటే, నాయకుడికి పేరు చెప్పకుండా ఉత్తరం రాసే హక్కు గొప్పగానే కనిపిస్తుంది. కానీ ప్రధానిని ఎంచుకునే అధికారం రాజభవనంలోంచి బయటికి వచ్చిందే తప్ప వీధిదాకా రాలేదు. ఆస్పత్రి గది నుంచి కమిటీ గదికి మారింది. తిరుగుబాటులో పుట్టామనే కథ అతికినట్టు సరిపోవడం అందుకేనేమో. కొత్త ఎంపీల ట్యూషన్ క్లాసులో పుట్టామంటే ఎవరు భయపడతారు?

వీధిలోవాళ్ళ వంతు 2024 జులై 4న వచ్చింది. సునాక్ పార్టీకి 121 సీట్లు మిగిలాయి. అంతకు రెండు నెలల ముందే మా పిన్ని కొడుకు మొదటిసారి ఓటేసి, వేలి మీద సిరా గుర్తు ఫొటో గ్రూపులో పెట్టాడు. ఆ దీపావళినాటి ప్రశ్నకి జవాబు వాడికి ఇంకా బాకీ ఉన్నాను. ఈ వ్యాసం లింకు పంపిస్తాను.