బీరువాలో ఒక బడి: మన జిల్లాల ఇంటి గ్రంథాలయాలు

మన బడి గురించి, మన సార్ల గురించి రాసే మిత్రులు ఈ సంచికలో చాలామందే ఉంటారు. నేను మన నల్లగొండ, పాలమూరు జిల్లాల ఇళ్లలో పుస్తకాలు ఎట్లా నిలిచాయో రాద్దామనుకున్నాను. బడిలో మొదలైన చదువు ఇంట్లో ఒక బీరువా ఉంటేనే కొనసాగుతుందని నా నమ్మకం.

తెలంగాణలో గ్రంథాలయోద్యమం 1901 సెప్టెంబర్ 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయంతో మొదలైంది. అది మొదట తెరుచుకున్నది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే. ఆయన నల్లగొండ జిల్లా దండంపల్లి వారు. అంటే మన ప్రాంతపు మనిషి తన ఇంటి తలుపు తెరిస్తే, అది ఊరందరి గ్రంథాలయమైంది.

నిజాం రాజ్యంలో పాలనా భాష ఉర్దూ. పై చదువులూ ఉర్దూలోనే. తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన రోజులవి. అటువంటి కాలంలో నకిరేకల్ దగ్గరి మాదారంలో 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి, ఉపాధ్యాయుని ఇంట వంట చేసి పెడుతూ చదువు నేర్చుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు తానే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. కొన్నవాళ్ల ఇళ్లకు ఒక్కొక్క పుస్తకమే చేరి ఉండవచ్చు. ఇంటి గ్రంథాలయం ఎప్పుడైనా మొదలయ్యేది ఆ ఒక్క పుస్తకంతోనే కదా!

పాలమూరు వైపు చూస్తే, ఇటిక్యాలపాడు వారైన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆ కవుల్లో చాలామంది రచనలు అంతకుముందు ఊళ్లలో, ఇళ్లలో ఉండిపోయినవే. ఇంట్లో దాచినవాళ్లు లేకపోతే అచ్చువేసేవాళ్లకు ఏమి దొరికేది?

మన కళ్లముందరి ఉదాహరణ రామన్నపేట మండలం వెల్లంకిలో ఉంది. తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన కూరెళ్ల విఠలాచార్య గారు తన ఇంటినే గ్రంథాలయంగా మార్చారు. అక్కడ సుమారు 2 లక్షల పుస్తకాలు చేరాయి. 2024లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. ఒక పంతులుగారి ఇల్లు ఒక పల్లెకు ఇంత చేయగలిగింది.

ఇక మనలాంటి వాళ్ల సంగతి. మా ఇంట్లో మూడు బీరువాలున్నాయి. వానాకాలం చెమ్మ పట్టకుండా గోడకు జానెడు దూరంలో పెడతాను. చెదలకు భయపడి కింది అర ఖాళీగా ఉంచుతాను. ఎండిన వేపాకు, కలరా ఉండలు వేసి, ఏడాదికోసారి పుస్తకాలన్నీ దించి దులుపుతాను. చౌక కాగితం మీద అచ్చయిన పాత నవలలు పసుపురంగుకు తిరిగి, తాకితే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. వాటిని కాగితంలో చుట్టి పడుకోబెట్టాను.

చెదలకన్నా పెద్ద భయం మరొకటుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. పెద్దాయన పోయాక ఇల్లు అమ్ముతారు, పుస్తకాలు కిలోల లెక్కన తూకానికి పోతాయి. వాళ్లను తప్పుపట్టలేం. ఏది విలువైనదో చెప్పి పోయినవాళ్లు ఎవరు? ఊరి చరిత్రలు, చిన్న ప్రెస్సుల్లో కొద్ది ప్రతులే వేసిన శతకాలు, ఇటువంటి సావనీర్లు ఒకసారి పోతే మళ్లీ అచ్చుకావు.

అందుకే మిత్రులకు, గురువులకు నా మనవి. ఒక నోటుబుక్కులో మీ పుస్తకాల పట్టిక రాయండి: పేరు, రచయిత, అచ్చయిన ఏడు, ఊరు. మీ తర్వాత అవి ఎవరికి చేరాలో చివరి పేజీలో రాసి సంతకం పెట్టండి. మన సంఘం ఆ పట్టికలన్నీ ఒకచోట చేరిస్తే, ఏ పుస్తకం ఎవరింట ఉందో మన బడి పిల్లలకు తెలుస్తుంది. కొత్త భవనం అక్కర్లేదు. రంగారావు గారు మొదలుపెట్టింది కూడా ఉన్న ఇంట్లోనే.